ఒక గంప, ఇద్దరు మనుషులు: యావ మీద ప్రయోగ నాటిక గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి వశిష్ఠ, గౌతమి పాయల మధ్య ఊళ్లలో మేము ఇద్దరు నటులతో ఒక నాటిక ఆడుతున్నాము. అది చూసినవారు, అటువంటిది తామూ తయారు చేసుకోవాలనుకునే కళాశాల విద్యార్థులు, తమ ఊళ్లో ఆడించాలనుకునే పెద్దలు ప్రదర్శన అయ్యాక అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. అరుగుల మీద కూర్చుని, ఒక్కోసారి పంటు మీద రేవు దాటుతూ చెప్పిన సమాధానాలను ఇక్కడ ఒకచోట రాసి పెడుతున్నాము. వీటిలో కొన్ని ఎవరికైనా వర్తించే విషయాలు, కొన్ని కేవలం మా అభిప్రాయాలు.

కథ ఏమిటి?

నది మధ్య ఉన్న ఒక లంక గ్రామంలోని పెంకుటింట్లో భోగికి ముందు రాత్రి జరిగే కథ ఇది. తమ్ముడు ఏడాది పొడవునా ఒక పందెం కోడిని పెంచాడు. నానబెట్టిన బాదం పప్పు, మటన్ ఖీమా తినిపించాడు, చెరువులో ఈత కొట్టించాడు, వేడినీళ్లతో కాపడం పెట్టాడు. భర్త పోయి పుట్టింటికి చేరిన అక్క, దీపం దగ్గర కూర్చుని లేసు అల్లుతూ అతను చెప్పేది వింటుంది. ఇద్దరి మధ్య బోర్లించిన కోడిగంప ఒకటి ఉంటుంది. నిడివి యాభై అయిదు నిమిషాలు. తెల్లవారేసరికి ఏ వేళకు ఏ రంగు కోడి గెలుస్తుందో కుక్కుటశాస్త్రం ప్రకారం తడుముకోకుండా చెప్పేది తమ్ముడు కాదు, అక్క. అంతకు మించి కథ లేదు.

ప్రేమ, కళ, అధికారం వంటి పెద్ద యావలు ఉండగా కోడిపందెం ఎందుకు ఎంచుకున్నారు?

గోదావరి జిల్లాల్లో యావను దాచుకునే అలవాటు లేదు. వరద నీటికి ఎదురీది వచ్చే పులస కోసం పుస్తెలైనా అమ్మవచ్చునని సామెత కట్టుకున్న ప్రాంతం ఇది. ఆ సామెత విని అందరమూ నవ్వుతాము గానీ, ఆ పుస్తెలు ఎవరి మెడలోవి, తాకట్టు కొట్టుకు పట్టుకెళ్లేది ఎవరు అని మాత్రం అడగము. మా నాటిక ఆ అడగని ప్రశ్న దగ్గర మొదలైంది.

కోడిని ఎంచుకోవడంలో ఒక ఉపాయం కూడా ఉంది. ప్రేమ గురించో సంగీతం గురించో చెప్పినప్పుడు ప్రేక్షకుడు వెంటనే కథానాయకుడి పక్షం చేరిపోయి, అతని మొండితనాన్ని గొప్పతనంగా లెక్క వేసుకుంటాడు. కోడి విషయంలో మొదటి పది నిమిషాలు హాయిగా నవ్వుతాడు. ఆ నవ్వు ఎక్కడ ఆగిపోయిందో తరువాత అతనికే గుర్తుండదు. పైగా, పందేలు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కిందా, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కిందా నేరమని ఇక్కడ అందరికీ తెలుసు, సంక్రాంతి వస్తే బరులు వెలుస్తాయనీ అందరికీ తెలుసు. తెలిసి తెలిసి చేసే పనిలో యావ స్పష్టంగా కనిపిస్తుంది.

ఇది మానసిక వ్యాధి గురించిన నాటికా? ఓసీడీ అంటారే, అదేనా?

కాదు. అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అన్న వ్యాధిలో వద్దనుకున్న ఆలోచన పదే పదే చొరబడుతుంది. అందులో అర్థం లేదని చాలామంది రోగులకు తెలుసు, దాని నుంచి బయటపడాలని తహతహలాడతారు, ఆ ఆందోళనను తగ్గించుకోవడానికే చేతులు మళ్లీ మళ్లీ కడుక్కోవడం, వేసిన తాళాన్నే తిరిగి చూసుకోవడం వంటి పనులు చేస్తారు. యావ పట్టిన మనిషి తన ఆలోచనను ముద్దు చేస్తాడు, ఎవరైనా దానిని తప్పు పడితే అలుగుతాడు. ఈ రెండింటినీ కలిపేసి, చేతులు కడుక్కునే మనిషిని హాస్యపాత్రగా నిలబెట్టడం మన వేదికల మీద చూస్తూనే ఉన్నాము. అది అజ్ఞానమే తప్ప హాస్యం కాదని మా అభిప్రాయం.

వైద్యశాస్త్రంలో మాకు నిజంగా పనికివచ్చిన సంగతి వేరే ఉంది. 1877లో లాసేగ్, ఫాల్రే అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యులు ఒకే భ్రమను పంచుకుని బతికే ఇద్దరు మనుషుల గురించి రాశారు. అటువంటి జంటలో ఒకరి భ్రమ బలమైనది, రెండవవారు క్రమంగా దానికి లోబడినవారు. ఇద్దరూ బయటివారితో పెద్దగా రాకపోకలు లేకుండా చాలాకాలం ఒకేచోట ఉన్నవారు. ఇద్దరినీ విడదీస్తే రెండవవారు తరచుగా కోలుకుంటారు. వరద వస్తే దారులు మునిగిపోయే లంకలో, ఒకే చూరు కింద ఉన్న అక్కాతమ్ముళ్లను ఊహించుకునేటప్పుడు ఈ వివరం మాకు దారి చూపింది. అయినా అక్క పాత్రకు ఏ వ్యాధి పేరునూ అంటగట్టలేదు. ఆమె చుట్టూ ఉన్న ఒంటరితనం చాలు.

ఇద్దరే ఎందుకు? ఒకరితో ఆడవచ్చు కదా, లేదా ఊరంతటినీ వేదిక ఎక్కించవచ్చు కదా?

యావ ఎంత బరువో అది పట్టినవారికి తెలియదు, పక్కన బతికేవారికి తెలుస్తుంది. ఒక్కడితో ఆడితే అది వెర్రివాడి ఉపన్యాసం అవుతుంది, పదిమందితో ఆడితే రచ్చబండ పంచాయితీ అవుతుంది. ఇద్దరు ఉన్నప్పుడు మాటలు ఒకరి నోట నడుస్తుండగా కథ మరొకరి ముఖం మీద నడుస్తుంది. మా నాటికను చాలామంది తమ్ముడి కథగా గుర్తు పెట్టుకుంటారు. మేము దానిని మొదటి నుంచీ అక్క కథగానే తయారు చేశాము, ఇప్పటికీ అలాగే ఆడుతున్నాము.

ఇది మేము కనిపెట్టిన కిటుకు కాదు. పక్క డెల్టాలోని కూచిపూడివారి భామాకలాపాన్ని ఈ దృష్టితో ఒకసారి చూడండి. సత్యభామకు కృష్ణుడి మీద ఉన్నది ప్రేమో, గర్వమో, తననే తలచుకోవాలన్న పంతమో తేల్చి చెప్పలేము. ఆ పంతం మనకు అర్థమయ్యేది మాధవి ఉండబట్టి. సూత్రధారుడే చెలికత్తె మాధవిగా మారి, భామను ప్రశ్నించి, ఎత్తిపొడిచి, ఉత్తరం చేరవేయడానికి ఆమె ముక్కెరనే బహుమానంగా అడుగుతుంది. భామ విరహం ఎంత ఎత్తుకు పోయినా మాధవి నేల మీదే నిలబడి ఉంటుంది కాబట్టి మనకు ఆ ఎత్తు తెలుస్తుంది. గొల్లకలాపం కూడా ప్రధానంగా గొల్లభామకు, బ్రాహ్మణుడికి మధ్య నడిచే వాదమే. ఇంకా వెనక్కు వెళితే, భరతుడి నాట్యశాస్త్రం చెప్పిన పది రూపకాలలో వీథి అనేది ఒకే అంకం కలిగి, ఒకరు లేదా ఇద్దరు పాత్రధారులు ఆడదగినది. అందువల్ల ఇద్దరి నాటకం పరాయి దేశపు సరుకు అన్నవారితో మేము వాదించము, ఈ సంగతులు చెప్పి ఊరుకుంటాము.

మాధవికి, మా అక్కకు తేడా ఒక్కటే. మాధవి చివరిదాకా నేల మీదే ఉంటుంది.

‘ప్రయోగం’ అంటే అర్థం కాకుండా ఆడటమేనా?

ఈ అనుమానానికి కారణం ప్రయోగం పేరుతో ఆడేవారే అని ఒప్పుకోవాలి. పొగ, ఎర్ర లైటు, నేల మీద పొర్లడం ఉంటే అది ప్రయోగమన్న భావన స్థిరపడిపోయింది. నాటకంలో ఇంతవరకు తప్పనిసరి అనుకున్న ఒక వస్తువును తీసేసి, అది లేకుండా నాటకం నిలబడుతుందా అని పరీక్షించి చూడటాన్ని మేము ప్రయోగం అంటున్నాము. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం వకీళ్ల వ్యవహారాలను ఎత్తిపొడుస్తూ రాసిన వ్యవహార ధర్మబోధినిని విద్యార్థులతో ఆడించినప్పుడు, పురాణ కథ లేకుండా నాటకం నిలబడుతుందా అన్నది ఆనాటి పరీక్ష. బెంగాల్‌లో నాటకకర్త బాదల్ సర్కార్ ఎత్తయిన వేదికను, తెరను, ఖరీదైన సామగ్రిని వదిలేసి జనం మధ్యకు వచ్చి ఆడటం మరొక పరీక్ష. 1885లో మొదలైన సురభి నాటక సమాజంవారు సెట్టింగులు, మాయలు, మెరుపులతో కట్టిపడేసిన ప్రేక్షకుల మనవలకు మేము ఒక గంప మాత్రమే చూపిస్తున్నాము. సురభి అంటే మాకు చిన్నచూపు ఎంతమాత్రం లేదు. వారి విద్య మాకు రాదు.

మేము తీసేసినది తెర, నేపథ్య సంగీతం, అన్నిటికంటే ముఖ్యంగా కోడి. ఆ కోడి చివరి వరకు కనిపించదు, కూయదు.

స్క్రిప్టు ఎలా రాసుకోవాలి?

మొదట రాసుకున్న ప్రతిలో మాకు సంఘటనలు ఎక్కువయ్యాయి: అప్పులవాడు వచ్చాడు, పోలీసులు వచ్చారు, కోడి తప్పిపోయి దొరికింది. యావ గురించిన నాటకంలో సంఘటనలు పెరిగిన కొద్దీ యావ పలచబడుతుందని పది రోజుల తరువాత తెలిసింది, ఎందుకంటే అసలు యావ లక్షణమే ఏమీ జరగకపోయినా ఆగకపోవడం. అందువల్ల అవన్నీ కొట్టేసి, మన అలంకారికులు చెప్పిన పది కామావస్థలను మెట్లుగా పెట్టుకున్నాము: అభిలాష, చింత, అనుస్మృతి, గుణకీర్తన, ఉద్వేగం, విలాపం, ఉన్మాదం, వ్యాధి, జడత, మరణం. ప్రియురాలి కోసం చెప్పిన ఈ మెట్లను కోడికి వర్తింపజేస్తే ఎంత వింతగా, ఎంత సరిగ్గా అమరుతాయో రాసి చూస్తే గాని తెలియదు. గుణకీర్తన మెట్టులో తమ్ముడు తన డేగ రంగు కోడి ముక్కును, కాళ్లను, మెడ ఈకల మెరుపును పొగిడే భాగం మొత్తం నాటికలో అందరికీ నచ్చేది. దాదాపు నాలుగు నిమిషాలు ఉంటుంది, ఆ నాలుగు నిమిషాల్లో అక్క ఒక్కసారి మాత్రమే తల ఎత్తుతుంది.

పది మెట్లనూ ఒకే మనిషి ఎక్కాలన్న నియమం లేదు. మా నాటికలో ఉద్వేగం వరకు తమ్ముడు ఒంటరిగా ఎక్కుతాడు. అతను విలాపంలో ఉండగా అక్క అభిలాష దగ్గర అడుగు పెడుతుంది. ఒకరు జడతలోకి జారిన వేళకు మరొకరు గుణకీర్తన మొదలుపెడతారు. ఈ ఎగుడుదిగుడు లెక్క కుదరడానికే మాకు మిగతా పని కంటే ఎక్కువ కాలం పట్టింది. మరణం అన్న పదవ మెట్టును మేము ఆడము, దానికి ముందే లైటు తీసేస్తాము.

కొత్తగా రాసేవారికి ఒక సూచన చేయాలనిపిస్తుంది. యావకు సొంత పదజాలం ఉంటుంది, ముందు దానిని పోగు చేసుకోండి. కాకి, డేగ, సేతువ, పర్ల, నెమలి, మైల, రసంగి, అబ్రాసు అంటూ కోళ్ల రంగులకు ఉన్న పేర్లు వింటుంటేనే సగం సంభాషణ తయారవుతుంది. మీ పాత్రకు పట్టింది చేపల చెరువు యావ అయినా, పాత రికార్డుల యావ అయినా, ఆ పనిలో ఉన్నవారి దగ్గర నెల రోజులు కూర్చోకుండా కలం పట్టవద్దు.

నటులను ఎలా ఎంచుకోవాలి?

అందరూ యావ పట్టిన పాత్రకు మంచి గొంతు ఉన్న నటుడిని ముందు వెతుకుతారు. మేము ముందు అక్కను వెతికాము. ఎదుటివారు మాట్లాడుతుండగా తన వంతు కోసం కాచుకుని కూర్చోకుండా నిజంగా వినగలిగే నటి దొరకడం చాలా కష్టం. నాటక పరిషత్తుల పోటీలకు అలవాటు పడినవారిలో మరీ కష్టం, ఎందుకంటే అక్కడ మాట పలికిన నటుడి మీదే న్యాయనిర్ణేతల కన్ను ఉంటుందన్న భయం వారికి ఉంటుంది. వచ్చినవారికి సంభాషణ ఇవ్వలేదు. ఒకరు వార్తాపత్రిక బిగ్గరగా చదువుతుండగా పదిహేను నిమిషాలు చిక్కుడుకాయలు ఒలవమన్నాము. ఎవరి చేతుల వేగం వార్తను బట్టి మారిందో వారిని తీసుకున్నాము.

రిహార్సల్స్ ఎంతకాలం చేయాలి? నిశ్శబ్దాలను ఎలా నిలబెట్టాలి?

మేము పగలు ఉద్యోగాలు చేసుకునేవాళ్లము కనుక రాత్రి 8 నుంచి 10 వరకు, వారానికి అయిదు రోజుల చొప్పున మూడు నెలలు చేశాము. మొదటి నెల స్క్రిప్టు ముట్టుకోలేదు. తమ్ముడి పాత్రధారి కోళ్లు పెంచే ఒకరి దొడ్డికి వెళ్లి, గంప ఎత్తడం దగ్గర నుంచి కోడిని చంకలో పెట్టుకునే పద్ధతి వరకు నేర్చుకున్నాడు. అక్క పాత్రధారిణి నరసాపురం వైపు లేసు అల్లే ఒక పెద్దావిడ దగ్గర కూర్చుంది. ఆ అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, కళ్లు లాగేసే ఆ పని చేసే చేతులు నాటకంలో మాకు ఇంతవరకు ఎక్కడా కనిపించలేదు.

ఇక నిశ్శబ్దం సంగతి. మా తొలి ప్రదర్శనలో తమ్ముడు అక్క వైపు చూసి ఒక నిమిషం పాటు మౌనంగా నిలబడాలి. పదిహేను సెకన్లు గడిచేసరికి వెనుక వరుసలో నుంచి ఒక పెద్దాయన ఎంతో జాలిగా ‘‘పాపం, డైలాగు మర్చిపోయాడండీ, ఎవరన్నా అందించండి’’ అన్నారు. సభ అంతా గొల్లుమంది. ఆయన తప్పు ఏమీ లేదు. పక్కన ప్రాంప్టరు కూర్చుని అందించే నాటకాలు చూసి పెరిగిన ప్రేక్షకుడికి, మాట ఆగిందంటే మరచిపోయినట్టే. ఆ రాత్రి మేము చాలా కుంగిపోయాము, తెల్లారి లేచి ఆలోచిస్తే లోపం మా దగ్గరే కనిపించింది. ఆ నిమిషంలో ఇద్దరి చేతులూ ఖాళీగా ఉన్నాయి. ఖాళీ చేతుల మౌనం మరపులాగా ఉంటుంది, పని చేస్తున్న చేతుల మౌనం ఆలోచనలాగా ఉంటుంది. అప్పటి నుంచి ఆ నిమిషంలో అతను నానిన బాదం పప్పుల పొట్టు ఒక్కొక్కటిగా తీస్తాడు, ఆమె లేసు అల్లుతూనే ఉండి, ఒకచోట సూది ఆపుతుంది. ఆ సూది ఆగినప్పుడు సభలో దగ్గు కూడా వినిపించదు.

లేసు నిజంగా అల్లాలి, అల్లినట్టు నటించకూడదు. ముందు వరుసలో ఆ పని తెలిసిన ఆడవాళ్లు కూర్చుంటారు.

వేదిక మీదకు నిజమైన కోడిని తేవచ్చా?

వద్దు. జంతువులను ప్రదర్శనకు వాడటంపై చట్టపరమైన నియమాలు ఉన్నాయి; అవి లేకపోయినా, లైట్లకు, జనానికి బెదిరిన కోడిని చూస్తూ ఎవరూ నటులను చూడరు. ఖాళీ గంప కింద ఉన్న కోడి ప్రతి ప్రేక్షకుడికీ తనకు తెలిసిన రంగులో కనిపిస్తుంది.

ఎక్కడ ఆడితే బాగుంటుంది?

రాజమండ్రిలో వెంకటేశ్వర ఆనం కళాకేంద్రం, కాకినాడలో సూర్యకళామందిరం వంటి పెద్ద మందిరాలు ఉన్నాయి. పెద్ద నాటకాలకు అవి ఎంతో అనువైనవి, మా నాటికకు మాత్రం దూరం ఎక్కువ. అక్క వేలు ఆగడం ఇరవయ్యవ వరుసకు కనిపించదు. ఎనభై మందిని మించి కూర్చోబెట్టవద్దని మా నియమం.

మాకు దొరికిన అన్ని చోట్లలోనూ ఉత్తమమైనది మండువా లోగిలి. నాలుగు వైపులా వసారాలు, మధ్యలో ఆకాశానికి తెరిచి ఉన్న చదరం, వాన నీళ్లు పోయే తూము ఉన్న ఆ పాత ఇళ్లు కోనసీమలో ఇంకా కొన్ని నిలిచి ఉన్నాయి. ప్రేక్షకులు నాలుగు వసారాల్లో చాపల మీద కూర్చుంటారు, నటులు మధ్యలో ఒక అడుగు పల్లంలో ఉంటారు. రెండు లాభాలు ఉన్నాయి. ఒకటి, ప్రేక్షకుడు నటులను దాటి ఎదుటి వసారాలోని ముఖాలను కూడా చూస్తాడు. కోడిపందెం చూసే బరి అమరిక కూడా సరిగ్గా ఇదే, ఆ సంగతి మేము చెప్పకపోయినా పందేలకు వెళ్లినవారు మధ్యలో గుర్తుపట్టి ఒకరినొకరు చూసుకుంటారు. రెండు, ఆ ఇంట్లో తరతరాలుగా ఎవరో ఒక అక్క ఏదో ఒక మూల కూర్చుని విన్నదే కదా అన్న భావన గోడల్లోనే ఉంటుంది. ఇబ్బంది కూడా ఉంది: నాలుగు వైపులా చూసేవారు ఉంటే ఎవరికో ఒకరికి ఎప్పుడూ నటుడి వీపే కనిపిస్తుంది. అందుకని రెండు మూడు నిమిషాలకు ఒకసారి గంప చుట్టూ స్థానాలు మారేలా కదలికలు కట్టుకున్నాము, కోడికి నీళ్లు పెట్టడం, దీపం జరపడం వంటి పనుల సాకుతో.

మండువా దొరకకపోతే కల్లం, బడి వరండా, రైసు మిల్లు ఆవరణ దేనినైనా వాడుకోవచ్చు. కొబ్బరి పీచు, డొక్కలు నిల్వ చేసే షెడ్లు మాత్రం వద్దు. ఒక్క నిప్పురవ్వ చాలు.

లైట్లు, మైకులు ఏమి కావాలి?

మైకులు అక్కరలేదు; ఎనభై మందికి వినిపించని గొంతుతో నటన ఎందుకు? లైట్లు నాలుగు ఎల్ఈడీ పార్ లైట్లు, ఒక చిన్న డిమ్మరు. పాత హాలోజన్ లైట్లు వాడదలచుకుంటే ముందు లెక్క వేసుకోండి: 230 వోల్టుల దగ్గర 1000 వాట్ల దీపం ఒకటి సుమారు 4.3 ఆంపియర్లు లాగుతుంది, కాబట్టి 16 ఆంపియర్ల ప్లగ్గు మీద మూడుకు మించి పెట్టకూడదు, పాత ఇళ్ల వైరింగు మీద మూడు కూడా పెట్టకూడదు. కరెంటు పోతే నాటిక ఆపము. అక్క దగ్గర ఉన్న లాంతరు నిజమైనదే. జనరేటరు తెప్పించవద్దని ముందే చెబుతాము, దాని రొద కింద మౌనాలన్నీ కొట్టుకుపోతాయి.

ఏ కాలంలో ఆడాలి?

మాఘ, ఫాల్గుణ మాసాలు, అంటే ఇంచుమించు ఫిబ్రవరి, మార్చి. జూలై నుంచి సెప్టెంబరు వరకు వరద భయం ఉంటుంది, వాన రాత్రులు చేలల్లో కప్పల ముందు ఏ నటుడి గొంతూ చాలదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుఫానుల కాలం, అందులోనే సార్వా (మొదటి పంట) కోతలు. దాళ్వా (రెండో పంట) కోతలు మొదలైతే రాత్రి ఎనిమిదికే ఊరు నిద్రపోతుంది. సంక్రాంతి రోజుల్లో ఆడమని చాలామంది అడుగుతారు. ఆ మూడు రోజులూ అసలు బరి పక్కనే ఉండగా మా గంపను ఎవరు చూస్తారు?

సంభాషణలు గోదావరి యాసలోనే ఉండాలా?

ఉండాలి, కానీ సినిమాల్లో వినిపించే గోదావరి యాసలో కాదు. ప్రతి వాక్యం చివర ‘ఆయ్’, ‘అండి’ తగిలించి, వెటకారం దట్టించి రాస్తే ఊళ్లోవారు మొహమాటానికి నవ్వుతారు. నిజానికి అక్కాతమ్ముళ్లు ఏకాంతంలో ఒకరినొకరు ‘అండి’ అనుకోరు. అక్క ‘ఒరే’ అంటుంది, తమ్ముడు ‘అక్కా’ అంటాడు, అంతే. మా తమ్ముడు ‘అండి’ అనేది ఒకే ఒక్కచోట, కోడితో. ఆ ఒక్క మాటకు కొన్ని ఊళ్లలో నవ్వుతారు, కొన్ని ఊళ్లలో సభ చల్లబడిపోతుంది.

అనుమతులు, హక్కుల సంగతి ఏమిటి?

నాటకాలను నిషేధించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చిన 1876 నాటి చట్టం 2018లో రద్దయింది. అయినా బహిరంగ స్థలంలో ఆడేటప్పుడు పంచాయతీకి, పోలీసు స్టేషనుకు ముందుగా తెలియజేయడం మర్యాద, జాగ్రత్త కూడా. మైకులు పెడితే 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్ స్పీకర్లు వాడకూడదన్న సంగతి గుర్తుంచుకోవాలి.

మరొకరి నాటకం ఆడదలచుకుంటే రచయిత అనుమతి తీసుకోండి. 1957 నాటి కాపీరైటు చట్టం కింద రచయిత జీవితకాలం, ఆపై అరవై ఏళ్ల వరకు హక్కులు ఉంటాయి. ఔత్సాహిక బృందం డబ్బు తీసుకోకుండా ప్రేక్షకులకు ఆడితే చట్టం మినహాయింపు ఇస్తుంది. టికెట్టు పెట్టిన క్షణం ఆ మినహాయింపు పోతుంది. మినహాయింపు ఉన్నా అడగటమే మంచిది. మన దగ్గర నాటక రచయితకు మిగిలేది చాలాసార్లు ఆ ఒక్క ఫోను పిలుపే.

దీనిని పరిషత్తు పోటీలకు పంపవచ్చా?

పంపవచ్చు, నాటిక విభాగంలో నిడివి సరిపోతుంది. మేము ఒకసారి వెళ్లాము. తెర, వింగ్స్, వేలాడే మైకులు ఉన్న ఎత్తయిన వేదిక మీద మా నాటిక ఎండిపోయినట్టు కనిపించింది. బహుమతి రాలేదు, రావలసిన అవసరమూ కనిపించలేదు. డెల్టాలో నాటకం బతికి ఉన్నదంటే పరిషత్తుల చలవే అన్నది నిజం. అక్కడి గడియారానికి, ఆ దూరానికి తగిన నాటిక వేరుగా రాసుకోవాలన్నదీ నిజమే.

ఒకవైపు ప్రేమను, వెంటపడే యువకుడిని ఇతివృత్తంగా తీసుకోవచ్చా?

విద్యార్థుల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. తీసుకోవచ్చు, అయితే రెండవ పాత్ర ఎవరన్నది ముందు తేల్చుకోండి. మా దగ్గరకు వచ్చిన స్క్రిప్టుల్లో ఆ రెండవ పాత్ర దాదాపు ఎప్పుడూ యువకుడి స్నేహితుడే. అమ్మాయి వేదిక మీదకే రాదు. అతని ఆవేదన వింటూ వింటూ ప్రేక్షకులు చప్పట్లు కొడతారు. ఆడపిల్ల వద్దన్నాక వెంటపడటం 2013 నుంచి శిక్షాస్మృతిలో ప్రత్యేక నేరం, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షను. స్నేహితుడిని తీసేసి ఆ స్థానంలో ఆ అమ్మాయిని, లేదా ఆమె తల్లిని కూర్చోబెట్టి అవే సంభాషణలు మళ్లీ చదివి చూడండి. ఒక బృందం అలా చదివి, రెండవ పుట దగ్గరే ఆపేసింది.

చూసినవారిలో ఎవరైనా కలత చెందితే?

జరిగింది. ఒక ఊళ్లో నాటిక అయ్యాక ఒకావిడ చాలాసేపు వసారా స్తంభం పక్కనే కూర్చుండిపోయారు. అప్పటి నుంచి ప్రదర్శన అయిన వెంటనే లైట్లు పూర్తిగా వేసి, టీ ఇచ్చి, అరగంట అక్కడే ఉంటున్నాము. మాట్లాడాలనిపించినవారికి మేము వైద్యులము కామని చెప్పి, 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ 14416 నంబరు రాసిన చీటీ ఇస్తాము. అది ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు, రాత్రి పగలు పని చేస్తుంది.

మా ఊళ్లో ఆడించాలంటే మేము ఏమి సిద్ధం చేయాలి?

పన్నెండు అడుగుల చదరం, చుట్టూ కూర్చోవడానికి చాపలు, పెద్దవారికి పది కుర్చీలు, ఒక ప్లగ్గు, తాగడానికి మంచినీళ్లు. ఫ్యాన్లు ఆపేయడానికి ఇంటివారు ఒప్పుకోవాలి. సాయంత్రం నాలుగింటికి చోటు మాకు అప్పగిస్తే, మా సామాను ఒక్క ఆటోలో వస్తుంది కాబట్టి, ఆరింటికల్లా సిద్ధంగా ఉంటాము. భోజనం ప్రదర్శన అయ్యాకే పెట్టండి. గంప కోసం వెతకవద్దు, మాది మేమే తెచ్చుకుంటాము.